జిలేబీల మిషను

నిన్న మా అన్న ముత్తియాల్‌పేట బట్టల అంగట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చుని తన ఫోను నా ముందుకు తోశాడు. నెల్లూరి నుంచి అక్క తెలుగులో ఏదో పంపిందట. "ఏందో రాసింది, చదువు మే" అని చెల్లెల్ని నన్ను అడిగాడు. అన్నకి తమిళం వచ్చు, ఇంగ్లీషు వచ్చు, ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు ఏలిన ఊరు కాబట్టి బడిలో కొట్టి నేర్పిన ఫ్రెంచీ కాస్త వచ్చు. తరతరాలుగా ఇంట్లో మాట్లాడుతున్న తెలుగులో మాత్రం ఒక్క అక్షరం రాదు. ఈ ఊరి తెలుగువాళ్ళం చాలామందిమి అంతే. మద్రాసు కాలేజీలో తెలుగు తీసుకోకపోయి ఉంటే నేనూ అంతే. అక్కకి ఎలా వచ్చిందో చెప్పాలంటే మా బావ సంగతి చెప్పాలి.

ఎనభైల చివర్లో నాన్న అంగడి మేడ మీదకి ఒక కంప్యూటరు కొన్నాడు. తెల్ల ఏనుగు కాదు గానీ మేపడం అంతపనీ అయింది. ఎవరో ప్రొఫెసరు పాఠం చెప్పడానికి రాసిన ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి అన్న ఎక్కడినుంచో ఫ్లాపీల్లో పట్టుకొచ్చాడు. దాని కోడంతా పుస్తకంలో అచ్చువేసి ఉంది, చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఓపెన్ సోర్స్ అనే మాట అప్పటికి మా చెవిన పడలేదు. దాన్ని ఏం చేయాలన్నదాని మీద అన్నకీ, అక్కని చేసుకుని మా ఇంటికే వచ్చి ఉంటున్న నెల్లూరి బావకీ రోజూ గొడవ. కోడు అందరికీ తెరిచిచ్చింది అందరి బల్లల మీదకీ చేరడానికేనని బావ. లోపలి గదిలో ఒక్క మిషను, బజారులో అంగళ్ళన్నీ దానికి తీగలతో కట్టాలి, వాడేవాడికి అది కనబడనే కూడదని అన్న. ఇప్పటి మాటల్లో డెస్క్‌టాపా, సర్వరా అని. నాన్నకి రెండూ తెలియవు కాబట్టి తీర్పు సులువుగా చెప్పాడు. వర్తక పెద్దల్ని పిలిచి చూపించండి, వాళ్ళు మెచ్చినవాడికి మేడ గది, రెండోవాడు కిందికి దిగి గజంబద్ద పట్టుకోవాలి. అన్న దిగితే కొడుకు దిగినట్టు. బావ దిగితే ఇల్లరికపు అల్లుడు జీతగాడైనట్టు. అది ఇంట్లో అందరికీ తెలుసు.

బావ ఒక్కో చుక్కా పేర్చి తెలుగు అక్షరాలు తయారుచేశాడు. ఏ అంగట్లో విన్నా తెలుగే వినబడుతుంటే చదవడం రాదని ఎలా అనుకుంటాడు? అక్కకి రాకపోవడం చూసి ఆడపిల్లని చదివించలేదు కాబోలనుకున్నాడు. పాపం, ఆ తెర మీదే దిద్దించి నేర్పాడు కూడా. అన్న అతని వెన్ను తట్టి మరీ ఎగదోశాడు. "తెలుగులోనే చెయ్ బావా, పెద్దోళ్ళు పొంగిపోతారు. ఆడోళ్ళకి చెప్పబాక, సూసి మురిసిపోనీ" అన్నాడట.

కాలేజీ సెలవులకి వచ్చి, పెద్దల్ని పిలిచిన ఆ ఆదివారం నేనూ మేడ మీదే ఉన్నాను. బావ ఇస్త్రీ చొక్కాతో మిషను ఆన్ చేశాడు. తెర మీద "దయచేయండి" అని మొదలై కింద సరుకుల పట్టీ. అది చూడగానే అక్క ముఖం పాలిపోయింది. ఒక పెద్దాయన వంగి చూసి, "ఏందప్పా, చీమలు పారతా ఉండాయే?" అన్నాడు.

"చీమలు కాదు పెద్దాయనా, మా నెల్లూరు మాప్పిళ్ళ, మా ఇంటల్లుడు, జిలేబీలు చుట్టినాడు. తినండి" అన్నాడు అన్న.

"మీరు తెలుగువాళ్ళే కదండీ" అన్నాడు బావ.

"మాట్లాడతాం సామీ. యాడ చదివినాం?"

బావ పంతులులా తెర మీద వేలు పెట్టి వరసగా పైకి చదవడం మొదలుపెట్టాడు. అదే అతను చేసిన పెద్ద తప్పు. "సూస్తిరా, మిషనుతో పాటు చదివిపెట్టే మనిషిని గూడా కొనాల!" అన్నాడు అన్న. మేడంతా నవ్వింది. మా నాన్న కండువాతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. బావ చదువుతున్న వరస మాత్రం పూర్తిచేసి మిషను ఆపాడు.

మర్నాటి నుంచి అతని చేతిలో గజంబద్ద. అన్న తీగలు బజారంతా పాకాయి, పేరొచ్చింది, అంగడి పెరిగింది. అన్న, కొనడానికి వచ్చినవాళ్ళ ముందు కూడా బావని "జిలేబీ మాస్టరూ, ఆ లంగా గుడ్డ చింపు" అనేవాడు. బావ చింపేవాడు. చివరికి ఒకరోజు అక్కే పెట్టె సర్ది అతన్ని నెల్లూరు తీసుకుపోయింది. అన్న బస్సు దాకా కూడా రాలేదు.

గెలిచిందెవరంటే నేను ఇప్పటికీ దెబ్బలాడతాను. ఎక్కడో చల్లటి గదుల్లో తిరిగే సర్వరూ, అన్న అరచేతిలో వెలిగే ఫోనూ అలా తెరిచిచ్చిన కోడు మీద నడిచేవే. అందులో బావ కలగన్న తెలుగు అక్షరాలూ ఉన్నాయి. ఇద్దరి మాటా నిజమైన చోట ఒక్కడి బతుకే గుడ్డ ముక్కలైంది.

అక్క తమిళంలో రాయగలదు. ఫోను చేసి చెప్పగలదు, నాకు అలాగే చెప్పింది, నేను వెళ్ళి వచ్చాను. అన్నకి మాత్రం నన్ను చెప్పొద్దని, తనే రాస్తానంది. నేను పైకి చదివాను. "మీ బావ పోయారు. కర్మలన్నీ అయిపోయాయి. నువ్వు రానక్కర్లేదు."

అన్న ఫోను తనవైపు తిప్పుకుని ఆ అక్షరాలకేసి చూసి, మళ్ళీ నా ముందుకు తోశాడు. "ఇంకోసారి చదువు మే" అన్నాడు. వేలు పెట్టి, వరసగా, మళ్ళీ చదివాను. మేడ మీద ఆనాడు నవ్విన నవ్వు మెట్లు దిగి ఈ గల్లాపెట్టె దాకా రావడానికి ఇన్నేళ్ళు తీసుకుంది.