ఎలుక కాలు లేపలే

నవ్వితే నవ్వుండ్రి గానీ, నిన్న ఒక పూట నేను పెద్ద సైంటిస్టును. మా గైడు సారు చాయ్ సల్లారేదాంక.

నా రీసెర్చి సంగతి మీకెరుకే. పెప్టైడ్. అమినో ఆసిడ్లను ఒకదానికొకటి అతికి దండ లెక్క చేసుడు. మా నాయిన కొత్తవాడల మగ్గం మీద పోగులు అతుకుతడు, నేను సీసాల అతుకుత. ఆయనకు ఆఖరికి జంపఖానా కనవడ్తది, నాకు చిటికెడు తెల్లపొడి. అది నొప్పి తగ్గించే మందయితదని ఆశ. "ఈసారన్న పనిచెయ్యకుంటె పోయి మగ్గం గుంటల కూసో" అని మా గైడు సారు ముందే చెప్పిండు.

పరీక్ష అల్కటిదే. హాట్‌ప్లేటు జర వేడి చేసి ఎలుకను నిలవెట్టాలె. వేడి తాకంగనే కాలు లేపుతది. మందు పడితే ఆలస్యంగ లేపుతది. పొద్దున మందియ్యని ఎలుకను పెట్టిన, గంతేసింది. ఇంకోదానికి సూది ఇచ్చి, మందు ఎక్కాలె గదా అని క్యాంటీన్ల చాయ్ తాగొచ్చి, ప్లేటు మీద పెట్టిన.

అది కాలు లేపలే. మీసాలు దువ్వుకున్నది. జరసేపటికి ముడుచుకొని పండుకున్నది.

"సార్, మందు పట్టింది" అని ఉరికిన. సారు చెప్పులు సుత ఏసుకోకుంట వచ్చిండు. కండ్లద్దాలు తుడుచుకొని మళ్ల మళ్ల చూసిండు. "ఇగ ఫికర్ చెయ్యకు, థీసిస్ రాసుకో" అని భుజం మీద చెయ్యేసిండు. ఇన్నేండ్లల గదే మొదలు. నాకు నిజంగనే ఏడుపొచ్చింది. ఉరికి జిలేబీ తెచ్చిన. పక్క డిపార్ట్‌మెంటోళ్లు వచ్చి ఎలుకను చూసి, జిలేబీ తిని పోయిండ్రు.

ఎలుకను బోనుల ఏసినంక, సారు మాట్లాడుకుంటనే తన చాయ్ గ్లాసును ఆ ప్లేటు మీద పెట్టిండు, సల్లారొద్దని. జరాగి ఒక గుటక ఏసి నా దిక్కు చూసిండు. ప్లేటు మీద అరచెయ్యి పెట్టిండు. నేను సుత పెట్టిన. మా ఇంటి అరుగు లెక్క సల్లగున్నది.

పైన ట్యూబులైటు వెలుగుతనే ఉన్నది. మన కరెంటు సంగతి తెల్వదా, పోతే మొత్తం పోదు, ఒక్క ఫేజు పోతది. నేను చాయ్‌కు పోయినప్పుడు ప్లగ్గుల ఫేజు పోయింది.

సాయంత్రం ఫేజొచ్చినంక ఇంకో ఎలుకకు అదే మందు ఇచ్చి పెట్టిన. నేను చెయ్యి తియ్యకముందే ఎగిరి సారు అంగీ మీద పడ్డది. సారు తిట్టలే. మిగిలిన పొడి సీసా నా చేతుల పెట్టి, "మీ నాయినకు సంగతి చెప్పినంక నీ ఈపు మీద పడ్తయి, నొస్తది. గప్పుడు ఏసుకో" అన్నడు.

ఏసుకుందు. పనిచేస్తే గదా.