ఎలుగుబంటి, ప్రేమయ్య కుడిచెయ్యి

ఆత్మకూరు పక్క పల్లెలో సంఘపెద్ద ప్రేమయ్యకు ఇన్నేళ్లలో చెడ్డపేరు లేదు. చర్చిలో కానుకల సంచి పట్టుకొని తిరిగేటప్పుడు ఎవరెంత వేశారో చూడడు; చూసినా చూడనట్టు ఉంటాడు. అటువంటి మనిషిని మొన్న సీతాఫలాల కాలంలో సొంత కుడిచెయ్యే మోసం చేసింది.

ఆ సాయంత్రం భార్య రాహేలమ్మను వెనక కూర్చోబెట్టుకొని మోపెడ్ మీద చేని నుంచి వస్తున్నాడు. టైగర్ అనే వాళ్ల కుక్క పక్కన పరిగెత్తుతోంది. మిట్ట దగ్గర బండి ఇద్దరినీ మోయలేక మూలిగింది. రోజూలాగే రాహేలమ్మ సీతాఫలాల గంపతో దిగి నడిచింది. అప్పుడే పొదలోంచి ఎలుగుబంటి లేచి నిలబడింది.

ప్రేమయ్య ఏమీ ఆలోచించలేదు. ఆ బాధ్యత కుడిచెయ్యి తీసుకొని యాక్సిలరేటర్‌ను తిరిగినంత తిప్పింది. ఊరి మొదట్లో బోరింగు దగ్గర ఆగేసరికి, టైగర్ ముందే చేరి నీళ్లు తాగుతోంది.

"ఏమప్పా, పెళ్లాన్ని యాడ పారేసుకొనొచ్చినావు?" అన్నాడు అక్కడున్న లక్ష్మన్న.

ప్రేమయ్య బండి వెనక్కి తిప్పాడు. అలా పారిపోవడాన్ని చదువుకున్నవాళ్లు సహజాతం అంటారు. రాహేలమ్మ ఏమంటుందోనన్నదే ఆయన భయం.

ఆమె ఖాళీ గంపతో ఎదురొచ్చింది. ఎలుగుబంటి పండ్ల మీద పడిందట, ఈమె మెల్లగా తప్పుకుందట. బండి వెంట వచ్చిన టైగర్ ఎగిరి ఆమె చేతులు నాకింది. పారిపోయిన సంగతి దానికి గుర్తు కూడా లేదు. ప్రేమయ్యకు ఊపడానికి తోకైనా లేదు.

ఊళ్లో ఆడవాళ్లు మూగారు. "మీ ఆయప్ప అప్పుడు యాడికి పోయినాడు రాహేలమ్మా?"

"జనాన్ని పిల్సకరాను పోయినాడు. యాడికి పోతాడు మరి?"

ఆదివారం పాస్టరు జ్ఞానరాజు, జనాన్ని పిలుచుకురావడానికి పరుగెత్తిన ఈ సమయస్ఫూర్తిని సభాముఖంగా మెచ్చుకున్నాడు. ప్రేమయ్య తట్టుకోలేక లేచాడు.

"అయ్యగారూ, నేను ఎవర్నీ పిల్సకరాను పోలేదు. నా పెళ్లాన్ని ఆడనే ఇడ్సిపెట్టి పారిపోయినా."

పాస్టరు కళ్లు చెమర్చాయి. "చూసినారా, ఎంత తగ్గింపో!" అన్నాడు. సంఘమంతా ఆమేన్ అంది. పాపం ఒప్పుకోబోయిన మనిషికి వినయవంతుడనే పేరు కూడా అంటుకుంది.

ఇంటికొచ్చాక సంగటి సహించలేదు.

"ఒక్క మాటన్నా తిట్టు మే," అని బతిమాలాడు.

"తిడితే ఏమొస్తాది? నాకు బండి తోలను రాదు గానీ, వచ్చింటే నిన్ను ఆ ఎలుగొడ్డుకు అప్పజెప్పి నేనే వచ్చేదాన్ని. తిను."

ప్రేమయ్య గుండె తేలికపడింది. మనుషులందరూ ఇంతేనన్నమాట! ముద్ద కలిపి ఎత్తాడు. అప్పుడు గుర్తొచ్చింది, పోయినేడు ఎద్దు కొమ్ము విసిరినప్పుడు రాహేలమ్మ దానికీ తనకూ మధ్య దూరి, తన చొక్కా చినిగేలా పక్కకు లాగడం. ఆలోచించుకునే వ్యవధి ఆమెకూ లేదు ఆ రోజు.

ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఏమైందయ్యా, ఉప్పు తక్కువుండాదా?" అంది రాహేలమ్మ.

"సరిగ్గానే ఉండాది," అన్నాడు తలెత్తకుండా.