అవసరం లేదవ్వా

నేను స్కూల్లో సోషల్ చెబుతాను. అమెరికా తొలినాళ్ల నాయకుల్లో ఒకరి గురించి స్కూలు పత్రికకు నాలుగు పేజీలు రాసివ్వమన్నారు. నేను ఎంచుకున్న మనిషి ఆ దేశంలో పుట్టలేదు, యూరప్ నుంచి ఓడెక్కి వచ్చాడు. నోరు తెరిస్తే యాస పట్టిచ్చేది, గిట్టనివాళ్లు వెక్కిరించేవాళ్లు. అక్కడి పెద్దల సభకు ఎన్నికైతే, పౌరుడై చాలినన్ని ఏళ్లు కాలేదని బయటికి పంపేశారు.

నా భార్య అది చదివి, "తీసేసినాక ఏం చేసినాడు?" అంది.

"ఇంకో సభకు నిలబడి గెలిచాడు. తర్వాత ఆర్థికమంత్రి కూడా అయ్యాడు."

"అయితే ఈసారి పంచాయతీ ఎన్నికల్లో నేనూ నిలబడతా!"

తన పుట్టిల్లు సరిహద్దుకు అవతల, అరవదేశం. పెళ్లయి సూళ్లూరుపేట దగ్గర మా ఊరికొచ్చి ఇరవై ఏళ్లు దాటింది. రేషన్ కార్డు మొదలు కాన్పు దాకా వీధి ఆడవాళ్లకు తనే తోడు. అయినా ఊళ్లో తనకు పేరంటూ లేదు, "అరవామె" అంతే. వార్డు మెంబరైతే ఆ పిలుపు పోతుందని తన ఆశ. వద్దన్నాను. వింటేగా!

ప్రచారానికి వెళ్తే రేవు వీధిలో ఒక అవ్వ, "ఓటెవరికో రెండ్రోజులాగి చెప్తాలే మా" అంది. ఎండలో తిరిగి అలసిపోయిన మా ఆవిడ నవ్వి, "అవసరం లేదవ్వా" అని ముందుకు నడిచింది. అరవంలో అవసరమంటే తొందర. తొందరేం లేదు, నిదానంగా చెప్పమని తన భావం. పుట్టింటి మాట నోరు జారింది, అంతే.

సాయంత్రానికి వీధంతా ఒకటే గోల. "మన ఓటు అవసరం లేదంట! చూసినారా అరవామె పొగరు!"

మర్నాడు వెళ్లి అర్థం విడమరిచి చెప్పింది. "ఇన్నేళ్లుండి ఆ మాటకు అర్థం తెలీదా నీకు?" అన్నారు. రేవు వీధి ఓట్లు పడక ఓడిపోయింది. నేను పెద్దగా ఆశ్చర్యపోలేదు. తను మాత్రం రెండు రోజులు సరిగా తిండి తినలేదు.

మూడోనాడు మా అత్తగారు ఫోన్ చేసి, ఆ మనుషులతో నీకేం పని, మనూరికి వచ్చెయ్యమని అరవంలో బతిమాలింది.

"మా ఊరు ఇదేనమ్మా" అంది తను, తెలుగులో.

అత్తగారికి తెలుగు ముక్క రాదు. "ఏమంటున్నావే?" అని అడిగింది. తను మళ్లీ అదే మాట, ఇంకా గట్టిగా, తెలుగులోనే చెప్పింది.