అరుగుల జాబితా

మా వీధి అరుగుల కొలతలు అంగుళాలతో సహా నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. మరచిపోదామన్నా పోవు. ఆ జాబితా టైపు చేసింది నేనే. అందులో ఉన్న అరుగుల్లో ఈ రోజు ఒక్కటీ లేదు.

ఆత్మకూరులో కోర్టుకు పోయే దారిలో ఇరవై ఏళ్ళకు పైగా జాబ్ టైపింగ్ షాపు నడిపాను. మిషను పోయి కంప్యూటర్ వచ్చింది, కార్బన్ పేపరు పోయి జిరాక్స్ వచ్చింది, నా పొగరు మాత్రం ఎక్కడికీ పోలేదు. నేను రాసిన అర్జీని ఏ గుమాస్తా తిప్పి పంపలేదని చెప్పుకునేదాన్ని. ఖాళీ గడి ఉన్న కాగితం నా షాపులోంచి బయటికి పోయేది కాదు. ఇంటి నంబరు తెలియదంటే పోయి చూసి రమ్మని తరిమేదాన్ని. నాకు కోపం ఎక్కువని వీధిలో అందరికీ తెలుసు. అయినా ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవాళ్ళు.

మా వీధి చివర మూతబడ్డ రైస్ మిల్లు ఒకటి ఉండేది. దాన్ని ఒక బిల్డర్ కొన్నాడు. ఐదంతస్తుల ఫ్లాట్లు కడతాడని మొదట పుకారు వచ్చింది, తర్వాత మునిసిపాలిటీ నోటీసే వచ్చింది. కాగితాల్లో మా వీధి రెండంతస్తులకు మించి కట్టకూడని ప్రాంతం. దాన్ని మార్చి ఎక్కువ అంతస్తులకు అనుమతి ఇవ్వబోతున్నారనీ, అభ్యంతరాలు ఉన్నవాళ్ళు పదిహేను రోజుల్లో రాసి ఇవ్వాలనీ ఆ నోటీసులో ఉంది. వీధి వీధంతా గగ్గోలు పెట్టింది. నీళ్ళు చాలవు, మురుగు పొంగుతుంది, పైఅంతస్తుల వాళ్ళు మన పెరళ్ళలోకి చూస్తారు. ఒక్కొక్కరికి ఒక్కో భయం.

ఆ రోజుల్లోనే నా షాపుకు వచ్చిన ఆస్పత్రి నర్సు ఒకామె ఆ నోటీసు చూసి, "ఫ్లాట్లు వస్తే మంచిదే గదా మేడమ్, బాత్రూమ్ లోపలుండే ఇల్లు మాకూ ఒకటి దొరుకుతాది" అంది. మూడేళ్ళుగా ఒక్క గదిలో నలుగురు ఉంటున్నారట. నేను మూతి ముడిచి, ఆమె జిరాక్సులు ఆమె చేతిలో పెట్టాను. ఆమె మాటలో న్యాయం ఉందని నాకు అప్పుడు తోచలేదు. తోచినా ఒప్పుకునేదాన్ని కాదు.

మా పక్కిల్లు బూబమ్మది. పెళ్ళై ఉదయగిరి నుంచి మా వీధికి వచ్చింది. వచ్చేటప్పుడు పుట్టింటి విద్య వెంట తెచ్చుకుంది, కర్రతో చెంచాలు చెక్కడం. భర్త పోయాక ఆ విద్యే ఆమెకు అన్నం పెట్టింది. ఉదయగిరి నుంచి తమ్ముడు అక్కడి కొండ మీద దొరికే నర్ది చెట్టు కర్ర బస్సులో వేసి పంపేవాడు. ఈమె రంపంతో కోసి, ఉలితో తొలిచి, ఆకురాయితో రుద్ది, చెంచా కాడ మీద పువ్వులూ చేపలూ తేల్చేది. ఇల్లు ఒకటే గది. వెనక గోడకు కిటికీ లేదు. పొద్దున తలుపు తీసి అరుగు మీద కూర్చుంటే మళ్ళీ పొద్దుగూకి మగ్రిబ్ నమాజుకే లోపలికి పోయేది. ఆ అరుగు మీద పరిచిన కడప బండ ఆమె చెంచాల మీద సంపాదించి వేయించుకున్నది. కూర్చుని కూర్చుని ఒక చోట అద్దంలా నున్నబడింది. సాయంత్రం షాపు మూసి వచ్చి, నేనూ ఆ బండ మీదే చతికిలబడి ఆమె చేతి టీ తాగేదాన్ని. నా కోపాలన్నీ అక్కడే దిగేవి.

అరుగంటే మా వైపు ఇంటి లోపలి లెక్క కాదు. గోడ దాటి, వీధిలోకి కట్టేవాళ్ళు. ఇల్లు కట్టామంటే పెద్దవాళ్ళు అడిగే మొదటి మాట, "అరుగు ఎంత పెట్టినారు?" దాని మీద ఎవరు కూర్చున్నా లెమ్మనకూడదు. ఎండలో వచ్చిన గాజులమ్మే ఆమె అయినా, ఆటో కోసం చూసే అనంతసాగరం మనిషి అయినా. అరుగు వెడల్పుగా ఉంటే ఆ ఇంటివాళ్ళకు మర్యాద. వీధిని ఆక్రమించామని మాలో ఒక్కరికీ ఎన్నడూ అనిపించలేదు. వీధికి ఇచ్చామనే అనుకున్నాం.

వీధంతా సంతకాలు పెట్టిన అభ్యంతరం అర్జీలో పన్నెండు పాయింట్లు రాశాను. అన్నిటికన్నా గట్టిది వీధి ఇరుకు. ఫైరింజను రాలేని వీధిలో ఐదంతస్తులు ఎలా కడతారు? గోడ నుంచి గోడకు కొలిస్తే ఇరవై నాలుగడుగులు వస్తుంది. అరుగు నుంచి అరుగుకు కొలిస్తే పదిహేనే. పదిహేనే రాశాను. ఎవరైనా వచ్చి గోడల మధ్య కొలిచి అబద్ధమంటారేమోనని, వెనక ఒక పట్టిక జతచేశాను. ఇంటి నంబరు, ఉంటున్నవాళ్ళ పేరు, అరుగు పొడవు, వీధిలోకి ఎంత వచ్చింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

కొలవడానికి తోడు కావాలంటే బూబమ్మ చేతిలో పని పక్కన పెట్టి లేచి వచ్చింది. టేపు డబ్బా నా చేతిలో, కొస ఆమె చేతిలో. రెండు పూటలు వీధంతా తిరిగాం. జనం ఎగబడి కొలిపించుకున్నారు. కిరాణా కొట్టు పెద్దాయన అయితే, "మాది ఐదడుగులు రాయమ్మా" అన్నాడు.

"టేపులో నాలుగున్నరే వచ్చింది పెద్దాయనా."

"మెట్టు కూడా కలుపు. మెట్టు మీద కూచోరా ఏంది జనం?"

కలిపాను. ఎదురింటాయన తన అరుగు పెద్దాయన అరుగు కన్నా తక్కువ పడిందని మొహం మాడ్చుకుని, ఇంకోసారి కొలిపించుకున్నాడు. మేమిద్దరం నవ్వుకుంటూనే కొలిచాం.

చివరికి బూబమ్మ ఇంటి ముందుకు వచ్చాం. ఆమె టేపు కొస వదిలేసింది.

"నాది రాయొద్దులే అక్కా" అంది.

"ఎందుకు?"

"ఏమో. అడగంది మనమే చెప్పడం ఎందుకు? ఇంతమందివి ఉండాయి గదా. నాదొకటి లేకపోతే ఏమైతాది?"

"నీదొక్కటి వదిలితే జాబితా తప్పయిపోతుంది. పదిమందివీ రాసి, పక్కింటిది దాచిందంటారు నన్ను. పట్టుకో" అన్నాను. గట్టిగానే అన్నాను. ఆమె నా మొహం చూసింది. వంగి కొస పట్టుకుంది. తొమ్మిదడుగుల మూడంగుళాల పొడవు, వీధిలోకి నాలుగడుగులు. గడి నిండింది.

విచారణ రోజు మునిసిపల్ ఆఫీసులో ఒక కుర్ర ఉద్యోగి నా పట్టిక తిరగేసి చూసి, "మేడమ్, ఇంత నీట్‌గా ఎవరూ ఇవ్వలేదు" అన్నాడు. వెటకారం కాదు, మనసారానే అన్నాడు. నేల మీద నడవకుండా ఇంటికి వచ్చాను. బూబమ్మకు చెబితే ఆమె కూడా సంతోషించి, ఆ రోజు టీలో రెండు ఏలకులు ఎక్కువ వేసింది.

రెండు నెలలకు ఉత్తర్వు వచ్చింది. వీధి ఇరుకన్న మా అభ్యంతరాన్ని ఒప్పుకున్నారు. పూర్తిగా ఒప్పుకున్నారు. కాబట్టి ముందు వీధిని దాని అసలు వెడల్పుకు తేవాలి, ఆ తర్వాత ఎక్కువ అంతస్తులకు అనుమతి ఇవ్వాలి అని తేల్చారు. ఇంటింటికీ నోటీసు వచ్చింది. మీరే సమర్పించిన కొలతల ప్రకారం, వీధిలోకి ఇన్ని అడుగుల కట్టడం తొలగించుకోవలెను. కిందనే నా పట్టిక. మెట్టు కలిపిన ఐదడుగులు కూడా అలాగే ఉంది.

నేను ఆఫీసుకు పరిగెత్తాను. అది అరుగుల ఫిర్యాదు కాదు బాబూ, ఫ్లాట్ల మీద అభ్యంతరం అని మొత్తుకున్నాను. ఆ కుర్రవాడు కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. "కొలత మీదే, సంతకాలు మీవే. మేము కొలవాలంటే సర్వేయర్ కోసం ఏడాది పట్టేది మేడమ్" అన్నాడు. అతనిలో నాకు తప్పు దొరకలేదు. దొరికి ఉంటే కొంచెం ఊరటగా ఉండేది.

జేసీబీ ఒక్క పూటలో పని ముగించింది. గుమ్మాలన్నీ నేలకు రెండడుగుల ఎత్తున గాలిలో మిగిలిపోయాయి. ముసలివాళ్ళు రాయి వేసుకుని దిగుతున్నారు. బూబమ్మ బండ పగలకుండా తీయించుకుందామని గునపంతో నేనే ఒక పక్క లేపాను. కానీ అది నున్నబడిన చోటే రెండుగా చీలింది. ఆమె చెంచాల బుట్ట చంకన పెట్టుకుని, తలుపు లోపలే నిలబడి చూసింది.

వీధిలో ఎవరూ నన్ను తిట్టలేదు. కిరాణా పెద్దాయన ఒక్కడే, సరుకు పొట్లం కడుతూ, తల ఎత్తకుండా, "అంత బాగా రాయకుండా ఉండాల్సిందమ్మా" అన్నాడు. ఆ తర్వాత వీధి నుంచి నా షాపుకు ఒక్క కాగితం రాలేదు. రాకపోవడమే నయం అనుకున్నాను.

బూబమ్మ గదిలో బల్బు కింద కూర్చుని చెక్కడానికి చూసింది. నీడ పని మీదే పడేది. ఉలి జారి రెండుసార్లు బొటనవేలు తెగింది. గది నిండా పొట్టు, దగ్గు. కొన్నాళ్ళు గుమ్మంలోనే కూర్చుంది. అప్పటికే మిల్లు స్థలానికి కంకర లారీలు మొదలయ్యాయి. రోడ్డు వెడల్పయింది గదా, అవి గుమ్మాన్ని రాసుకుంటూ పోయేవి. మా గదిలోకి వచ్చి కూర్చో అని నేను అన్నాను. "నీ గదీ నా గది మాదిరేగా అక్కా, చీకటి" అంది. నిజమే. మా ఇళ్ళన్నీ అరుగులను నమ్ముకుని కట్టిన ఇళ్ళు. ఒక ఉదయం ఆమె తమ్ముడు వచ్చి పనిముట్లు గోనెసంచిలో వేసుకుని, అక్కను ఉదయగిరి తీసుకుపోయాడు.

పోయిన నెల చూసి వద్దామని పోయాను. కొండ కింద తమ్ముడి ఇల్లు. ముందు అరుగు ఉంది. దాని మీద ఆ ఇంటి కోడళ్ళు ఇద్దరు, పొరుగువాళ్ళు ఇద్దరు కూర్చుని చెంచాలు చెక్కుతున్నారు. బూబమ్మ లోపల, మిట్టమధ్యాహ్నం ట్యూబ్‌లైట్ కింద, ఆకురాయితో రుద్దుతోంది. పువ్వులూ లేవు, చేపలూ లేవు. వట్టి కాడలు.

"బయట కూర్చోవచ్చు గదా?" అన్నాను.

"అది వాళ్ళ చోటు అక్కా. వాళ్ళు లెమ్మనరు. నాకే బాగుండదు."

టీ ఇచ్చింది. ఏలకులు వేసింది. నేను చాలా రోజులుగా గొంతులో పెట్టుకున్న మాట అనేశాను.

"బూబమ్మా, తప్పు నాది. నువ్వు వద్దన్నావు."

ఆమె రుద్దడం ఆపింది. "టేపు రెండో కొస పట్టుకునింది నేనే గదక్కా" అంది.

తిట్టి ఉంటే భరించేదాన్ని. నా తప్పులో సగం ఎత్తుకుని తన పక్కన పెట్టుకుంది. ఏడుపు వచ్చింది. ఆమె ముందు ఏడ్చే ముఖం కూడా నాకు లేదని టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

బస్సు వేళయింది. ఆమె గుమ్మం దాకా వచ్చి, ఒక చెంచా పేపరులో చుట్టి నా సంచిలో వేసింది. ఎవరింటి నుంచైనా బయలుదేరేటప్పుడు, మా ఊరికి రండి అనడం మా అలవాటు. ఆ మాట నోటిదాకా వచ్చింది. పిలిస్తే ఆమె వస్తుంది, నాకు తెలుసు. వస్తే ఎక్కడ కూర్చోమంటాను?