హవాయి చెప్పుల కరాటే

ఇది ఒక వీరగాథ. ఇందులో వీరనారి ఉంది, చీకటి వీధి ఉంది, వెంటాడే శత్రువు ఉన్నాడు, గురువు ఉన్నాడు, గురువు నేర్పిన తిరుగులేని విద్య ఉంది. చదువుతూ పోతే మీకు ఒళ్లు గగుర్పొడుస్తుంది.

నిజానికి అంత లేదు. వీరనారిని నేనే, నాకు బల్లిని చూసినా భయం. శత్రువు చారల చొక్కా వేసుకుని బస్సులో వేయించిన శనక్కాయలు తినేవాడు. గురువుగారు పొద్దునపూట మదనపల్లె టమాటా మార్కెట్లో వేలం పాడేవారు. విద్య సంగతి తర్వాత చెబుతాను. చీకటి మాత్రం నిజంగానే ఉండేది, కరెంటు వాళ్ల దయవల్ల.

తొంభైల చివరి మాట. మా ఊరు పుంగనూరు, నేను డిగ్రీ చదివింది మదనపల్లెలో. రోజూ బస్సులో వెళ్లి బస్సులో రావడం. రెండో ఏడాదిలో ఆ చారల చొక్కా మనిషి సాయంత్రం బస్సులో కనిపించడం మొదలైంది. నేను దిగిన చోట దిగేవాడు. నేను నడిస్తే నడిచేవాడు. నేను గాజుల అంగడి ముందు ఆగి, కొనే ఉద్దేశం లేని గాజులు చూస్తే, ఆయన పక్క అంగడిలో వేసుకునే ఉద్దేశం లేని బనియన్లు చూసేవాడు. మా వీధి మలుపు దాకా వచ్చి నిలబడిపోయేవాడు. అంతే. ఒక మాట అనలేదు. ఏదైనా అని ఉంటే కనీసం తిట్టుకోవడానికి వీలుండేది. ఏమీ అనని మనిషి గురించి ఎవరికైనా ఏం చెప్పాలి? నా వెనకాల ఒకాయన బనియన్లు చూస్తున్నాడని చెప్పాలా?

భయం మాత్రం బస్సుకంటే ముందే వచ్చేది. మధ్యాహ్నం చివరి క్లాసు మొదలయ్యేసరికి అరచేతులు చెమట పట్టేవి. ఆ ఏడాది నా నోట్సులో కుడిచేతి కింద పడిన కాగితమంతా అలుక్కుపోయి ఉంటుంది. లెక్చరర్ నేను కష్టపడి రాస్తున్నాననుకున్నారు.

ఇంట్లో చెప్పొచ్చు కదా అంటారు. మా వీధిలో ఒక అక్క చెప్పింది. ఆమె వెనకాల ఎవడో పడ్డాడని తెలిసిన వారానికి, వాడు కాలేజీకి వెళుతూనే ఉన్నాడు, ఆమె మిద్దె మీద వడియాలు పెడుతోంది. నన్ను కాలేజీలో చేర్చిన రోజే మా నాయన ఒక మాట అనేసి ఉన్నారు, ఏమన్నా తేడా వస్తే సదువు సాలు అని. ఆయన కోపంగా అనలేదు. బస్సు పాసు భద్రం అన్నట్టే అన్నారు. కాబట్టి నాకు ఒక భయం బస్సులో ఉండేది, ఇంకో భయం ఇంట్లో ఉండేది. రెండింటి మధ్యా పుంగనూరు బస్టాండు ఉండేది. నాకు వడియాలు పెట్టడం కూడా రాదు.

అలాంటప్పుడు మదనపల్లెలోనే మిషన్ కాంపౌండు వెనక షెడ్డులో ఆడపిల్లలకు కరాటే నేర్పుతున్నారని తెలిసింది. ఇంట్లో ఆటలు అని చెప్పాను. తెల్లారేసరికి మార్కెట్ యార్డులో టమాటా బాక్సుల మధ్య నిలబడి వేలం పాడి, సాయంత్రం మాకు నేర్పేవారు సార్. చిన్నప్పుడు బెంగళూరులో నేర్చుకున్నారట. గొంతు మాత్రం యార్డులో సంపాదించింది. ఆయన మెల్లగా మాట్లాడినా అవతలి వీధిలో ఎవరో ఒకరు 'ఆ' అని పలికేవారు.

క్లాసులో ఇద్దరిద్దరం జోడీలు. ఒకరు మణికట్టు పట్టుకోవాలి, సార్ 'ఒకటి' అంటే రెండోవాళ్లు చెయ్యి తిప్పాలి, 'రెండు' అంటే విడిపించుకోవాలి. నా జోడీ మా కాలేజీ పిల్లే. పుంగనూరు పక్క పల్లె. ఇంట్లో ఆవులు ఉంటే పొద్దున పాలు పిండి బస్సెక్కేది, సాయంత్రం దిగి మళ్లీ పిండేది. ఆమె వేళ్లు చూస్తే నాకు దండెం మీద బట్టలకు పెట్టే క్లిప్పులు గుర్తొచ్చేవి. అయినా 'రెండు' అనగానే నా చెయ్యి వదిలేసి, 'అబ్బా' అని మర్యాదగా పక్కకు పడిపోయేది. ఆమె వంతు వస్తే నేనూ పడేదాన్ని. ఇక సార్ చూపిస్తే ఆయన చెయ్యి తగలకముందే పడిపోయేవాళ్లం. పెద్దవాళ్లు వస్తే లేచి నిలబడమా? సార్ వస్తే పడిపోవడమూ అలాంటిదే.

కొన్ని నెలలకు నాకు ధైర్యం వచ్చింది. బస్సులో ఆ మనిషిని ఓరగా, ప్రమాదకరంగా చూడటం మొదలుపెట్టాను. ఆయన శనక్కాయ పొట్టు ఊదుకున్నాడు.

పసుపు బెల్టు పరీక్ష కుప్పంలో పెట్టారు. ఎక్కడినుంచో పెద్ద సార్ వస్తారని చెప్పారు. బస్సులో పోతుండగా, ఊరికే కాలక్షేపానికి, నా జోడీని అడిగాను, నువ్వు గట్టిగా పట్టుకున్నా నేను విడిపించుకుంటానా అని.

ఆమె "తెల్దుమే. నేనెప్పుడూ నిజంగా పట్టుకోలే గదా" అంది.

పసుపు బెల్టు ఎటు పోయినా పర్వాలేదు. సాయంత్రం బస్టాండు నుంచి మా వీధి మలుపు దాకా నేను నడుస్తున్నది ఆ 'రెండు' మీద నమ్మకంతోనే. ఈరోజు పరీక్షలో నిజంగా పట్టుకో అన్నాను. ఫెయిలైపోతావే అంది. పర్వాలేదు, వదలొద్దు అన్నాను. సరే అంది, ఆవుకు దూడను వదలొద్దు అంటే ఎంత మామూలుగా సరే అంటారో అలా.

కుప్పంలో ఒక స్కూలు హాలు. పెద్ద సార్ కుర్చీలో కూర్చున్నారు. ఆయన 'ఒకటి' అన్నారు, తిప్పాను. 'రెండు' అన్నారు, లాగాను. చెయ్యి రాలేదు. మళ్లీ 'రెండు' అన్నారు. నేను మొత్తంగా వెనక్కి వాలి లాగితే, నాతోపాటు నా జోడీ కూడా ఒక అడుగు వచ్చింది గానీ చెయ్యి రాలేదు. నా వేళ్ల చివర్లు తెల్లబడ్డాయి. హాల్లో ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. ఆ నిశ్శబ్దంలో నాకు మా వీధి మలుపు కనిపించింది.

పెద్ద సార్ లేచి వచ్చి చూసి తీర్పు చెప్పారు. నా పద్ధతిలో తప్పు లేదట. నా జోడీకి దాడి చేయడం సరిగా రాలేదట. దాడి చేసేవాళ్లు అలా పట్టుకోరట. కాబట్టి ఆమె ఫెయిలు, నేను పాసు.

అలా నాకు పసుపు బెల్టు వచ్చింది. జీవితంలో ఏ బహుమతినీ అంత భయపడుతూ అందుకోలేదు.

తిరుగు బస్సు శాంతిపురం దాటింది. మా సార్ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, నా జోడీ ముందు కుడిచెయ్యి చాపారు. "పట్టుకోమ్మా. ఇడవొద్దు" అన్నారు. ఆమె నా వైపు చూసింది, తర్వాత పట్టుకుంది. సార్ తిప్పారు. బొటనవేలి వైపు తిప్పారు, కిందికి తిప్పారు, రెండో చెయ్యి కూడా కలిపి లాగారు. ఈలోగా కండక్టరు వచ్చి టికెట్ అడిగాడు. సార్ డబ్బులు కుడివైపు జేబులో ఉన్నాయి. కండక్టరు కాసేపు నిలబడి చూసి, ఇది ఆ ఇంటి వ్యవహారం అనుకున్నట్టు వెనక సీట్లకు వెళ్లిపోయాడు.

ఆమె వదిలాక సార్ మణికట్టు రుద్దుకుంటూ, చాలా మెల్లగా, అంటే బస్సంతా వినపడేలా అన్నారు. "నాకు నేర్పిచ్చినాయన ఇట్లనే నేర్పిచ్చె. నేను తిప్పితే అందరూ ఇడిసినారు. ఇడిసినారంటే నేను గట్టోణ్ణి అనుకుంటి. ఇన్నేండ్లూ ఒక్కసారన్నా అడిగింటే గదా."

పట్టుకోమన్నది నేనేనని నా జోడీ చెప్పేసింది. యాల నిజంగా పట్టుకోమంటివి, కారణమేంది అని సార్ నన్ను అడిగారు. చారల చొక్కా సంగతి నేను మొదటిసారి నోటితో చెప్పింది అప్పుడే. ఇంట్లో సెప్పమ్మా అన్నారు. చెబితే చదువు మాన్పిస్తారు అన్నాను. ఆయన తల ఊపి, "దానికి నా కాడ ఏ పట్టూ లేదమ్మా" అన్నారు. అంత పెద్ద గొంతు ఉన్న మనిషి అంత చిన్నగా మాట్లాడితే వినేవాళ్లకు ఇంకా భయం వేస్తుంది.

మరుసటి క్లాసుకు తెల్ల డ్రెస్సులు వద్దన్నారు. రోజూ ఎలా నడుస్తారో అలాగే రమ్మన్నారు, చున్నీతో, పుస్తకాల సంచితో, చెప్పులతో. ఎవరూ లెక్కపెట్టకూడదు, ఎవరూ మర్యాదకు పడకూడదు అన్నారు. ఆ రోజు అందరం అందరినీ నిజంగా పట్టుకున్నాం. మేము నెలల తరబడి నేర్చుకున్నదంతా ఒక సాయంత్రంలో ఊడిపోయింది. చున్నీ సంచిలో చిక్కుకునేది, సంచి కాళ్లకు తగిలేది. బొటనవేలి వైపు లాగితే కొంతమంది దగ్గర చెయ్యి వచ్చేది. ఇది పని చేస్తుందా సార్ అంటే, ముందైతే ఆయన 'తప్పకుండా' అనేవారు. ఇప్పుడు 'ఒక్కోసారి' అనడం మొదలుపెట్టారు. ఆ 'ఒక్కోసారి' వినలేక కొందరు మానేశారు. నేను మానలేదు. నాకు వేరే దారి లేదు కాబట్టి.

అరవడం ఒక్కటే ఆయన పూచీ పడి నేర్పింది. అదీ మాకు రాలేదు. వదులు అని అరవమంటే మా గొంతులోంచి, కాస్త వదులుతారా అన్నట్టు వచ్చేది. మెల్లగా మాట్లాడు, మెల్లగా నవ్వు అని పదేళ్లుగా ఇంట్లో తగ్గించి పెట్టిన గొంతులు. సార్ విసిగిపోయి, పోనీ టమాటాలన్నా అమ్మండి అన్నారు. ఆయన యార్డులో పాడినట్టే, కడుపులోంచి, రేటు పెంచుకుంటూ పాడమన్నారు. నూటా పది, నూటా పది, నూటా ఇరవై. టమాటాలు అమ్మడానికి సిగ్గేముంది? వారం తిరిగేసరికి షెడ్డు రేకులు అదిరేలా అమ్ముతున్నాం. కొనేవాళ్లు లేరు గానీ.

చలికాలం వచ్చింది. ఒకరోజు బస్సు ఆలస్యమైంది. దిగేసరికి ఊళ్లో కరెంటు లేదు. గాజుల అంగడి వాడు సగం తలుపు వేసేశాడు. వెనకాల చెప్పుల చప్పుడు ఎప్పటికంటే దగ్గరగా వినిపించింది. నేను వేగం పెంచితే అదీ పెంచింది. తిరిగి చూడటానికి మెడ రాలేదు.

మలుపుకు ముందు చీకట్లో నా ఎడమ మణికట్టు దొరికిపోయింది.

"నిలబడు, మాట్లాడాల" అన్నాడు. అన్ని నెలల్లో ఆయన గొంతు వినడం అదే మొదలు. మామూలు గొంతు. అదే భయంకరంగా ఉండింది.

మేము ఎప్పుడూ కుడిచేత్తో సాధన చేశాం. ఎడమచేతికి తలకిందులుగా ఆలోచించాలి. ఆయన బొటనవేలు ఎక్కడుందో చీకట్లో తెలియలేదు. నోట్లోంచి అమ్మా అని కూడా రాలేదు. తర్వాత కడుపులోంచి, నన్ను అడక్కుండానే, నూటా పది అని బయటికి వచ్చింది. నూటా పది, నూటా ఇరవై, నూటా ముప్పై అని వీధంతా పాడేశాను.

ఆయన ఒక్క క్షణం తల వంచి నన్ను చూశాడు. మనిషికి వెర్రెక్కిందేమో అనుకున్నట్టున్నాడు. చెయ్యి సడలిందో, నేను లాగానో ఇప్పటికీ తెలియదు. పరిగెత్తాను. పది అడుగులు వేయకముందే ఎడమకాలి హవాయి చెప్పు ఊడిపోయింది, నేను బోర్లా పడబోయి గోడ పట్టుకుని మళ్లీ పరిగెత్తాను.

మలుపు అవతల పాల బండి ఆగి ఉంది. క్యాన్లతో ఆడవాళ్లు లాంతరు చుట్టూ నిలబడి, ఈ వేళప్పుడు టమాటాలు అమ్మేదెవరా అని నేనొచ్చే వైపే చూస్తున్నారు. ఒక అవ్వ, "యాలమ్మా పరిగెత్తుతాండావు?" అంది. నేను వెనక్కి చెయ్యి చూపించాను. ఆమె లాంతరు ఎత్తింది. మిగతావాళ్లు క్యాన్లు పట్టుకునే అటు రెండడుగులు వేశారు. చారల చొక్కా, బస్టాండులో ఏదో మరిచిపోయినవాడిలా వెనక్కి తిరిగి నడిచిపోయింది.

అవ్వ నన్ను ఇంటికి తీసుకొచ్చింది. దారంతా ఆమె చెయ్యి పట్టుకుని, ఇంట్లో చెప్పొద్దు అవ్వా అని బతిమాలాను. ఆమె ఊకొట్టింది. మా గడపలో నిలబడి అంతా చెప్పేసింది. "మీ పాప ఎనకాల ఎవుడో పడినాడప్పా. సెయ్యి పట్టుకున్నాడంట. పాప అరిసి పరిగెత్తుకొనొచ్చె" అని, క్యాను తీసుకుని వెళ్లిపోయింది.

మా నాయన టార్చి తీసుకుని బయటికి వెళ్లారు. అమ్మ నీళ్లిచ్చింది. నేను నట్టింట్లో కూర్చుని వీధి చూస్తున్నాను. చారల చొక్కా మనిషి చేతికి చిక్కినప్పుడు కూడా నాకు అంత భయం వేయలేదు. నా కళ్లముందు వడియాలు వరసగా ఎండుతున్నాయి.

నాయన చాలాసేపటికి వచ్చారు. చేతిలో నా హవాయి చెప్పు ఉంది. దీపం దగ్గర కూర్చుని దాన్ని తిరగేసి, ఊడిన బొడిపెను వేలితో లోపలికి తోసి చూశారు. అది నిలవలేదు.

"ఈటితో యాడ పరిగెత్తుతావు" అన్నారు. "రేపు ఎనక పట్టీ ఉండేవి కొనుక్కో. మదనపల్లెలోనే తీసుకో, ఈడ ధర జాస్తి. సాయంత్రం నేను పాల బండి కాడ ఉంటా."

మదనపల్లె అన్న మాట దగ్గర ఆగిపోయి, మిగతాది నేను సరిగా వినలేదు.

ఆ మనిషి తర్వాత కూడా కొన్నాళ్లు బస్సులో కనిపించాడు, మా ఊళ్లో దిగడం మాత్రం మానేశాడు. నాకు భయం పోలేదు. చివరి క్లాసులో అరచేతులు చెమట పట్టడం డిగ్రీ అయ్యేదాకా ఉండింది. మరుసటి రోజు చెప్పులు కొన్నాను, గోధుమరంగువి. కొత్తలో వెనక పట్టీ మడమ మీద కరుస్తుంది. లోపలివైపు కొబ్బరినూనె రాసి రెండుపూటలు వదిలేస్తే మెత్తబడుతుంది.