తీతు చదివిన నోటీసు

వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన తీతుకు ఐదు భాషలు వచ్చు. అందుకే ఎన్నికలొస్తే పార్టీ జీపు ఖరగ్‌పూర్‌లో అతని గుమ్మం ముందే ఆగేది. ఆ నియోజకవర్గం ఒక్క తీరుగా ఉండదు. పట్టాల పక్క బస్తీల్లో తెలుగు, బజార్లో హిందీ, ఎర్రమట్టి దిబ్బలు దాటి వరిచేలు మొదలైతే బెంగాలీ, దక్షిణపు పల్లెల్లో ఒడియా. ఎక్కడ దిగితే అక్కడి మాటలో అభ్యర్థి మాట చెప్పేవాడు. బెంగాలీలో అన్నా అన్నట్టు పేరుకి 'దా' తగిలించి "తీతుదా లేకపోతే మేం మూగవాళ్లం" అని కార్యకర్తలంటే వారంపాటు మురిసిపోయేవాడు.

పార్టీ గెలిచిన ఏడాదికి జీపు మళ్లీ వచ్చింది. ఈసారి మీటింగు అతని బస్తీలోనే. మైకుతోపాటు ఒక ఇంగ్లీషు కాగితం చేతిలో పెట్టారు. ముందు చదువుకుంటానంటే, అంత టైము లేదు, నేరుగా చెప్పేయమని కార్యకర్త నవ్వాడు. "టైమ్ నహీ హై. సీదా బోలియే."

ముందు వరసలో అతని అక్క సూసన్న కూర్చుని ఉంది. "ఏటిరా తీతూ, కుళాయిలేస్తారా?" అంది.

రైలు పట్టాలు వేసిన తొలితరం కూలీల గుర్తుగా ఇక్కడ పార్కు కడతారని, పాత ఇంజను నిలబెడతారని మొదటి వాక్యం. జనం చప్పట్లు కొట్టారు. శ్రీకాకుళం నుంచి వచ్చిన తన ముత్తాత ఆ కూలీల్లో ఒకడని తీతు సొంతంగా కలిపి చెప్పాడు. రెండో వాక్యం కళ్లతో చదివి ఆగిపోయాడు. పదిహేను రోజుల్లో ఈ నలభై ఇళ్లూ ఖాళీ చేయాలి.

మైకు దించబోయాడు. కార్యకర్త అతని భుజం మీద చెయ్యేసి, అందరికీ వినపడేలా మైకులోనే అన్నాడు: "పూరా బోలియే, మొత్తం చెప్పండి తీతుదా. అవతల ఝపటాపూర్ పేటలో మీకు గది సిద్ధం చేసేశాం."

గది మాట తీతు వినడం అదే మొదలు. అయినా కాగితం చివరిదాకా చదివాడు. ఎందుకు చదివాడో తర్వాత ఎంత ఆలోచించినా అతనికే అంతుపట్టలేదు.

"గది ఎప్పుడు మాటాడుకున్నావురా?" అంది సూసన్న.

"నాకు తెల్దక్కా."

"ఐదు బాసలొచ్చు నీకు. ఇదొక్కటీ తెల్దా?"

పదహారో రోజున యంత్రాలొచ్చాయి. తీతు ఇల్లూ మిగల్లేదు. ఝపటాపూర్‌లో గదీ లేదు, కార్యకర్త ఫోనూ ఎత్తలేదు. ఆదివారం చర్చిలో అతను కూర్చున్న బెంచీ నుంచి ఒక్కొక్కరే లేచిపోయారు.

ఆ వానాకాలం సూసన్న కూతురింట్లో పోయింది. సమాధిలో పిడికెడు మన్ను వేయబోతే మేనకోడలు దోర్కా అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"నువ్వెయ్యొద్దు మావయ్యా" అంది మెల్లగా.

తీతు మన్ను కిందికి వదిలేసి, గేటు దగ్గరికి పోయి, ప్రార్థన అయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు.