పడవలో దాచిన ఓక్ ముక్కలు

మా అనంతపురం వైపు నీళ్ళంటే బిందెలో ఉండేవే. చెరువులు లేకపోలేదు గానీ వాటిలో మేం క్రికెట్ ఆడుకునేవాళ్ళం. అలాంటి నేను అమెరికా వచ్చి ఒక రేసు పడవని బాగుచేశానంటే మావాళ్ళెవరూ నమ్మరు. నమ్మకపోవడమే మంచిది. నేను చేసింది బాగు కాదు.

ఎనభైల మొదట్లో నార్త్ కరోలినాలోని క్యారీలో ఉండేవాళ్ళం. అప్పటికి అది చిన్న ఊరు. తెలుగువాళ్ళ ఇళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. నేను రోడ్ల శాఖలో ఇంజనీరుని. రోడ్డు కింద నీళ్ళు పోయే తూములు డిజైన్ చెయ్యడం నా పని. లెక్క ఎంత వచ్చినా దానికి రెట్టింపు బరువు మోసేట్టు కట్టాలన్నది అక్కడి పద్ధతి. ఆ పద్ధతి నాకు ప్రాణం. నా తూముల మీదుగా ఏనుగుల గుంపు నడిచిపోయినా ఏమీ కాదు. కరోలినాలో ఏనుగులు లేవు, అది వేరే సంగతి.

ఎదురింట్లో ఒక పెద్దాయన ఒంటరిగా ఉండేవాడు. రిటైరైన వడ్రంగి. వయసులో ఉన్నప్పుడు తన చేతులతో చేసుకుని తనే రేసుల్లో నడిపిన పడవ, ఆయన గరాజ్‌లో ఇరవై ఏళ్ళకి పైగా బోర్లా పడి ఉంది. ఒక శనివారం నన్ను పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాడు. చూపు పోతోంది. వచ్చే ఏడాదికల్లా కారు తాళాలు ఇచ్చెయ్యాల్సి వస్తుందన్నాడట డాక్టర్. ఈలోగా ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, ఆ పడవని తను పందాలు గెలిచిన లేక్‌లోనే నడపాలి. దగ్గరి పనికి తన కళ్ళు ఆనవు కాబట్టి నా కళ్ళు కావాలి. ఎలాగూ ఇంజనీరువి కదా అని చివర్లో ఒక మాట కలిపాడు. నేను ఆ మాటకే పడిపోయాను.

ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆవిడ కృష్ణ కాలవలో ఈదుతూ పెరిగిన మనిషి. "బాత్‌టబ్ నిండితేనే భయపడతారు, మీకు పడవెందుకండీ?" అంది.

అది మామూలు పడవ కాదు. పొడుగు పన్నెండడుగులు, మనిషి కూర్చోవడానికి సీటు కూడా లేదు. మోకాళ్ళ మీద వంగి నడపాలి. వేగం అందుకున్నాక అది నీళ్ళని మూడే చోట్ల తాకుతుంది. ముందు రెండు మూలలు, వెనక ప్రొపెల్లర్. మిగతాదంతా గాలిలోనే. నీళ్ళని వీలైనంత తక్కువ తాకే పడవ అనేసరికి నాకు దానిమీద గౌరవం కలిగింది.

శరదృతువులో మొదలుపెట్టి చలికాలమంతా పనిచేశాం. ఇత్తడి స్క్రూలు ఒక్కొక్కటే ఊడదీశాం. పడవకి పక్కటెముకల్లా ఉండే లోపలి చెక్కల్లో కుళ్ళినవి తీసి కొత్తవి వేశాం. ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది నా వేలిముద్రలు చెరిగిపోయాయి. పెద్దాయన చెక్కని చూసేవాడు కాదు, తడిమేవాడు. నాకు నున్నగా కనబడినచోట ఆయన వేలు ఆగేది, మళ్ళీ రుద్దమనేవాడు. ప్రతి శనివారం మా ఆవిడ వడలు పంపేది. ఆయన అరడజను తిని పచ్చడి గిన్నె కూడా నాకేవాడు.

ఆదివారం పొద్దున ఆయనకి ఒక పరీక్ష ఉండేది. తన వాకిట్లో నిలబడి మా మెయిల్‌బాక్స్ మీది నంబర్ చదివేవాడు. మేం కిటికీలోంచి చూసేవాళ్ళం. క్రిస్మస్ నాటికి గడ్డి అంచుదాకా వస్తేగానీ చదవలేకపోయాడు.

పడవ పైభాగాన్ని మూసే చెక్క, అదే పైకప్పు, వెయ్యడానికి ముందు నాకు దిగులు పట్టుకుంది. అడుగున వేసిన ప్లైవుడ్ అట్టపెట్టె కంటే కాస్త నయం, అంతే. దానిమీద మోకాళ్ళూని ఈయన కారుకంటే వేగంగా పోతాడట. ఇంకొంచెం బలం ఇద్దామా అని అడిగాను. అది వంగాలి, వంగకపోతే లేవదు అన్నాడు. సరేనన్నాను. కానీ నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. లోపలి పని నాదే, ఆయనకి ఎలాగూ కనబడదు. సాయంత్రాలు ఆయన టీవీ ముందు కూర్చున్నప్పుడు, పక్కటెముకలు కలిసిన ప్రతి మూలా ఓక్ అనే గట్టి చెక్క ముక్క ఒకటి అతికించి స్క్రూలు బిగించాను. మొత్తం ఇరవై ఏడు ముక్కలు. పైకప్పు వేసేశాక అవన్నీ లోకానికి కనబడకుండా పోయాయి. ఆ రాత్రి చాలా హాయిగా నిద్రపోయాను.

మే నెలలో లేక్‌కి తీసుకెళ్ళాం. మా ఆవిడ ట్రెయిలర్ టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. కొబ్బరికాయ మాత్రం పడవ మీద కొట్టనివ్వనని పెద్దాయన అడ్డుపడితే ఒడ్డున రాయి మీద కొట్టింది. ఆయన మోకాళ్ళూని ఇంజన్ వేగం పెంచాడు. పడవ ముక్కు పైకెత్తింది. అంతే, అక్కడే ఆగిపోయింది. బురదలోంచి లేవడానికి బద్ధకించిన గేదెలా నీళ్ళని నెట్టుకుంటూ పోయింది తప్ప లేవలేదు. మూడుసార్లు ప్రయత్నించి ఒడ్డుకొచ్చాడు. పొట్ట మీద చెయ్యేసుకుని, నేనే లావయ్యాను, ఇది బక్కకుర్రాడి కోసం చేసిన పడవ అన్నాడు.

మరుసటి శనివారం వడల ప్లేటు వెళ్ళినట్టే తిరిగొచ్చింది. ఆయన పాలకూర ఆకులు పచ్చివే నములుతున్నాడు. మా ఆవిడ ముఖం చిన్నబోయింది. తన నూనె వల్లే ఆ ముసలాయన కోరిక పాడైందని రోజూ బాధపడేది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడంటారు. నేను తడుముకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, డైటింగ్ మంచిదేలే అన్నాను. నా జీవితంలో నేను సిగ్గుపడే మాటలు కొన్ని ఉన్నాయి, వాటిలో ఇది ముందుంటుంది.

నాలుగో ఆదివారం ఆయన రోడ్డు దాటి వచ్చాడు. బాగా బక్కచిక్కాడు, ప్యాంటు జారిపోతోంది. మా మెయిల్‌బాక్స్‌కి రెండడుగుల దూరంలో నిలబడి, తల అటూ ఇటూ తిప్పి, చివరికి వేలితో తడిమి నంబర్ చదువుకున్నాడు. మా ఆవిడ కిటికీ దగ్గర్నుంచి లోపలికి వెళ్ళిపోయింది. నేను చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళాను.

"పడవ లోపల నేను చెక్కలు పెట్టాను," అన్నాను.

"ఎక్కడ?"

"అంతటా. ఇరవై ఏడు."

ఆయన వెనక్కి తిరిగి రోడ్డు దాటాడు. తరవాత గరాజ్ తలుపెత్తి స్క్రూడ్రైవర్ నా చేతిలో పెట్టాడు. నేను తిట్లకి సిద్ధపడి వెళ్ళాను. అవి దొరికి ఉంటే బాగుండేది.

పైకప్పు విప్పి ముక్కలు ఊడదీయడానికి రెండు వారాంతాలు పట్టింది. బాత్రూములో బరువు చూసుకునే మెషీన్ తెచ్చి వాటన్నిటినీ దానిమీద పోశాను. ముల్లు ముప్ఫై పౌన్లు దాటింది. మా ఆవిడ వచ్చి చూసింది. "నా వడలు ఇంత బరువుండవు," అని వెళ్ళిపోయింది. వారంరోజులు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు.

ఆగస్టులో, గాలిలేని ఒక పొద్దున మళ్ళీ వెళ్ళాం. ఈసారి ముక్కు ఎత్తినట్టే ఎత్తి, ఒక్క క్షణం తటపటాయించి, పడవ మొత్తం లేచింది. దాని కిందనుంచి అవతలి ఒడ్డున పైన్ చెట్లు కనబడ్డాయి. నేను ఏడ్చాను. ఎందుకని అడిగితే ఎండ అని చెప్పేవాణ్ణి, కానీ ఎవరూ అడగలేదు, మా ఆవిడ కూడా ఏడుస్తోంది. ఆయన రెండు చుట్లు తిరిగి ఒడ్డుకొచ్చి, నాలుగు వడలు తిన్నాడు.

మరుసటి వసంతానికి ఆయనకి వెలుగూ చీకటీ తప్ప తెలియడం లేదు. శనివారాలు నేనే చెయ్యి పట్టుకుని గరాజ్‌కి తీసుకెళ్ళేవాణ్ణి. ఒకరోజు పడవ పక్కన కూర్చుని, లోపలికి చెయ్యి పెట్టి, మోకాళ్ళు ఆనే చోటు కింద వెతికాడు. వేలు ఒకచోట ఆగింది.

"ఇరవై ఆరే తీశావు," అన్నాడు.

ఆ ఒక్కటీ తియ్యడానికి నాకు చేతులు రాలేదు. సరిగ్గా ఆయన ఎడమ మోకాలి కింద ఉంటుందది. ఎప్పుడు తెలిసిందని అడిగాను.

నడిపిన రోజే తెలిసిందట. పడవంతా వణుకుతుంటే ఆ ఒక్కచోటే వణకలేదట. మరి వెనక్కి రాగానే ఎందుకు చెప్పలేదన్నాను.

"తీయిస్తే రెండోసారి నువ్వు భయంతో ఒడ్డున నిలబడి చూడలేవు. నాకేమో ఎవరో ఒకరు చూడాలి," అన్నాడు.

మాకు ఆ రెండోసారి రానే లేదు. పడవకి వార్నిష్ ఇంకో పూత వేద్దామన్నాడు. డబ్బా మూత తీసి బ్రష్ ఆయన చేతికిచ్చి, ఎక్కడ మొదలుపెట్టాలో చెయ్యి పట్టి చూపించాను.